మామ్మ మీద వేసిన జబ్బులు

ఆరుతెప్పల ఊరు, రికార్డుల గది దినచర్య
రాసేది: గనగళ్ల తవుడమ్మ, రికార్డుల కాపలాదారు

ఊరు తేలిన 31వ ఏడు, 112వ రోజు

రికార్డు ప్రకారం మా అత్త పోలమ్మకి ఎనభై ఒక్క ఏళ్లు, పదిహేడు జబ్బులు. అందులో మోకాళ్ల నొప్పులూ, కంట్లో శుక్లాలూ ఆమెవే. మిగతా పదిహేనులో మొటిమలున్నాయి. బంతాటలో బెణికిన చీలమండ ఉంది. పద్దెనిమిది బారల లోతుకి మునిగినప్పుడు వచ్చిన చెవిపోటు కూడా ఉంది. మా అత్త ఆఖరిసారి సముద్రంలోకి దిగింది ఈ ఊరు తెప్పల మీదికి ఎక్కకముందు. ఇప్పుడు స్నానానికి కూడా రెండు చెంబులు చాలంటుంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఊరంతా ఇంతే. దీన్ని మావాళ్లు "మామ్మ మీద వెయ్యడం" అంటారు. ఎవరికైనా నలతగా ఉంటే నేను పరీక్ష పలక పట్టుకుని వెళ్తాను. నలత పడ్డవాళ్లు కాలో చెయ్యో దాని మీద పెడతారు. "ఎవరు?" అని పలక అడుగుతుంది. అప్పుడు లోపల్నించి ఆ ఇంటి మామ్మ వచ్చి, జబ్బు తన పేరున పడేలా బొటనవేలు నొక్కి పోతుంది. ఆ ఒక్క నిమిషం నేను కిటికీలోంచి సముద్రం చూస్తుంటాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను చూసినంత సముద్రం రోజూ మునిగేవాళ్లు కూడా చూసి ఉండరు.

ఎందుకిలా అంటే, మామ్మకి పెళ్లి సంబంధాలు చూడక్కర్లేదు. నాచు తోటలో దిగడానికి మునక కార్డు అక్కర్లేదు. గట్టు మీద బతికిన రోజుల్లో మనకి చెప్పకుండానే మన రికార్డులు ఎవరెవరో చదివేసి, ఫలానా ఇంటివాళ్లకి ఫలానా జబ్బని పనుల్లోంచి తీసేశారట. అందుకే ఊరు తేలిన మొదటి ఏడే కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి రికార్డు వాళ్లది. అది చూడాలంటే గుమ్మంలో నిలబడి, ఎందుకు కావాలో గట్టిగా చదివి వినిపించాలి. సొంతదారు "ఔను" అంటేనే తెరుచుకుంటుంది. అంత గట్టి తాళం వేసుకుని కూడా మావాళ్లకి భయం పోలేదు. లోపల పెట్టేదాన్నే మార్చేసుకున్నారు.

ఇవాళ ఈ పుస్తకంలో ఇంకొకటి కూడా రాసి తీరాలి. రెండు నెలల కింద నా కూతురు నూకరత్నం, పాదాలు మొద్దుబారుతున్నాయంది. పలక తెచ్చింది నేనే. దాని పాదం పెట్టించింది నేనే. అత్తని పిలిచిందీ నేనే. పదిహేడోది అది.

119వ రోజు

ఆసుపత్రి ఓడ నుంచి ప్రశ్న వచ్చింది. నీళ్ల మీద మాలాంటి ఊళ్లు పదకొండున్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే ఓడ, అందులో పెద్ద డాక్టరు సిరాజున్నీసా గారు. ఓడ మా రేవుకి నాలుగు నెలలకోసారి వస్తుంది, మిగతా రోజులు రేడియోలో మాటలే.

"పాదాలు మొద్దుబారినవాళ్ల పరీక్షలు, పేరు లేకుండా, వయసుతో మాత్రం, పదకొండు ఊళ్ల పరిశోధనకి ఇస్తారా?" ఇదీ ప్రశ్న. పొద్దున్నించీ గుమ్మం గుమ్మానికీ తిరిగి నలభై మూడుసార్లు చదివాను. నలభై మూడు మంది మామ్మలూ "ఔను" అన్నారు. ఒకామె పరిశోధన అంటే పండగేమో అనుకుని నా కొంగులో గుప్పెడు ఎండురొయ్యలు పోసింది.

మధ్యాహ్నానికల్లా ఓడలోని యంత్రం జవాబు పంపింది. "బాధితులు 43. అందరూ స్త్రీలు. సగటు వయసు 78. వృద్ధాప్య సహజం. చర్య అవసరం లేదు."

మా సభ పెద్ద సూరాడ గురుమూర్తి ఆ కాగితాన్ని సభ గోడకి అంటించి, ఊరు చల్లగా ఉందని అందరికీ చెప్పుకొచ్చాడు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

121వ రోజు

రత్నం తోటలోంచి వచ్చి వంటింట్లోకి నడిచింది. గుమ్మం నుంచి పొయ్యి దాకా నేల మీద ఎర్రటి అడుగులు. ఆలిచిప్ప గీసుకుని అరికాలు వేలు పొడవున తెగింది. దానికి తెలీదు.

"ఏటమ్మా, అలగ సూస్తన్నావు?" అంది.

"నీ కాలు సూసుకోవే."

చూసుకుంది. దాని మొహం పాలిపోయింది. కట్టు కడుతూ, రేపట్నించి నీళ్లలోకి దిగొద్దన్నాను.

"దిగకపోతే ఎందుకు దిగనేదని సభోళ్లు అడుగుతారు. మొద్దు కాళ్లని తెలిస్తే కార్డు లాగీసుకుంటారు. మళ్లీ జన్మలో ఇయ్యరు. నాకు తోట తప్ప ఇంకేటి వచ్చమ్మా?"

అది నిజమే. లోతుకి దిగడం వల్లే కాళ్లు మొద్దుబారతాయని మా సభ నమ్మకం. అందుకని మొద్దు కాళ్లవాళ్లు బతికున్నంత కాలం మునగకూడదని రూలు. రత్నానికి ఇరవై నాలుగేళ్లు. తోటంటే ప్రాణం. ఇలాగే దిగితే ఏదో ఒక రోజు అడుగున కాలు ఎక్కడ పెట్టిందో తెలియక అక్కడే ఉండిపోతుంది. నాకు భయం వేసింది. కట్టు రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను.

122వ రోజు

డాక్టరమ్మే రేడియోలో పిలిచింది. ఆమెది కర్నూలు వైపు మాట.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీ ఊరి అవ్వలు ఏం తింటారు?"

"ఏమండీ?"

"పరీక్షల్లో పిక్కల బలం చూస్తాండా. ఒక్క అవ్వకు తప్ప అందరికీ పాతికేండ్ల పిల్లల మాదిరి ఉంది. నాకూ చెప్పు, రేపట్నుంచి నేనూ అదే తింటా."

ఇంక దాచలేకపోయాను. మామ్మ మీద వెయ్యడం గురించి అంతా చెప్పేశాను. నా కూతురి సంగతి కూడా. చీవాట్లు పడతాయనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"పదకొండు ఊర్లలోనూ రోగం ఉంది, కారణం దొరకడం లేదు. ఎక్కువ మంది ఉండేది మీ ఊర్లోనే. మీ లెక్కే తప్పయితే ఇంక మాకు దోవ ఎట్ల దొరుకుతుంది అక్కా?" అంది. "నిజంగా ఎవరికొచ్చిందో, వాళ్లు ఏం పని చేస్తారో తెలిస్తే చాలు. పేర్లు నాకొద్దు."

నా దగ్గర కాపలా తాళంచెవి ఉంది, దానికి ఎవరి "ఔను" అక్కర్లేదు. ఏ జబ్బు ఏ ఇంట్లో ఎవరిదో నాకు తెలుసు. గంటలో మొత్తం మార్చి పంపిస్తానన్నాను.

"నువ్వు మార్చొద్దు. ఎవరిది వాళ్లే చెప్పాల. నువ్వు మారిస్తే ఇంక మీ ఊర్లో ఎవరూ పలక మీద కాలు పెట్టరు."

రేడియో ఠక్కున కట్టేశాను. మొద్దుబారింది ఆమె కూతురి కాళ్లా అని సాయంత్రం దాకా తిట్టుకున్నాను. తాళంచెవి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ గట్టు మీద మా పెద్దవాళ్లకి చేసింది ఇదే కదా, అడక్కుండా తెరవడం. తాళంచెవి మళ్లీ మేకుకి తగిలించాను.

123వ రోజు

అత్త చేపలు శుభ్రం చేస్తోంది. పక్కన కూచుని, ఆ పదిహేడోది నీది కాదని చెప్పాలత్తా అన్నాను.

"పదిహేడేటే? నా మీద మూడో నాలుగో ఉంటాయనుకున్నాను. సదువు, వింటాను."

చదివాను. మొటిమల దగ్గర కత్తిపీట వదిలేసి నవ్వింది. బంతాట దగ్గర కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. మొద్దు కాళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఇది రత్నానిది కదా. ఇంకా తగ్గనేదా?"

"ఎలా తగ్గుతుందత్తా?"

"నా మీద ఏసుకున్నాను కదే. ఇంక దాన్ని ఒదిలీసి నా దగ్గరికి వచ్చీసుంటాదనుకున్నాను. రోజూ పొద్దున్నే నా కాళ్లు గిల్లి సూసుకుంటన్నాను, ఇంకా రానేదేటని."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లూ నేను సముద్రం చూస్తూ కూచున్నది ఊరికే ఒక అబద్ధాన్ని తప్పించుకోవడానికి అనుకున్నాను. ఈ మామ్మలు బొటనవేలు నొక్కింది అబద్ధమని కాదు, పిల్లల జబ్బు నిజంగా తమకి రావాలని. నేను ఏడుస్తూనే రత్నం అరికాలు తెగిన సంగతి చెప్పాను.

అత్త చేతులు కడుక్కుంది. కర్ర తీసుకుంది. "ఒలే తవుడూ, పలక అట్రా. ముసిలోలందరికీ ఎవలిది వాళ్లకి సదివి వినిపించాల," అంటూ వంతెన మీదకి నడిచింది. ఆమె రెండో తెప్ప దాటి వెళ్లి నాలుగేళ్లయింది. ఇవాళ ఆరూ తిరిగింది.

126వ రోజు

ఇవాళ సభ తెప్ప మీద నలభై మూడు మంది మామ్మలు. కొందరు కర్రలతో, ఇద్దరు కుర్చీల్లో. వెనక వాళ్ల పిల్లలూ మనవలూ, పనులు మానుకుని వచ్చారు. అంత బరువుకి తెప్ప ఒక పక్కకి ఒరిగితే సగం మందిని రెండో పక్కకి జరిపి కూచోబెట్టాం.

గురుమూర్తి చెడ్డవాడు కాదు. "మామ్మలారా, ఊరి మంచికే కదా రూలెట్టినాం. మొద్దు కాళ్లోలు అడుగున సచ్చిపోతే ఎవులు జవాబు సెప్తారు?" అన్నాడు.

"సావకుండా సూడమనే వచ్చినాం," అంది మా అత్త. "రికార్డులు మావి. ఓడకి ఇస్తాం. పేర్లు ఓడకెల్లవు, నీకూ రావు. నిజం సెప్పినోల కార్డు తియ్యనని నువ్వు ముందు రాసియ్యాల. సంగతి తేలేదాకా వాళ్లకి తెప్ప మీద పని సూపించాల. కార్డు మట్టుకు వాళ్ల దగ్గరే ఉండాల."

"రాయకపోతే?"

"రాయకపోతే ఆ మొద్దు కాళ్లు నావే. మొటిమలూ నావే. ఏటి సేసుకుంటావో సేసుకో."

నవ్వులు. గురుమూర్తి మాత్రం తల అడ్డంగా ఊపాడు. రూలు ఒకసారి సడలిస్తే రేపు ప్రతివాడూ వస్తాడన్నాడు. అంతా చెడిందనే అనుకున్నాను. అప్పుడు రెండో వరసలోంచి ఎనభై నాలుగేళ్ల ఎల్లాయమ్మ లేచింది. ఆమె గురుమూర్తి తల్లి.

"ఒరే నాయనా, నా పేరున గుండెదడ ఉందంట. మొన్న తవుడమ్మ సదివి వినిపించింది. నా గుండె గట్టిగానే ఉంది. అది ఎవలిదో నాను సెప్పను. సొంతదారే సెప్పాల, అది కట్టుబాటు. సెప్పేదాకా కూకుంటాను."

కూచుంది. ఊరు ఊరంతా ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగి చూడ్డం మొదలెట్టింది. సభ పెద్దగా నిలబడేవాళ్లకి గుండె పరీక్ష ఉంటుందని అందరికీ తెలుసు.

గురుమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. తల్లి దగ్గరికి నడిచాడు. తర్వాత ఆమె పక్కన నేల మీద చతికిలబడి, "నాదే," అన్నాడు. మెల్లిగా అన్నా అందరికీ వినబడింది. "తవుడమ్మా, కాగితం ఇయ్యి."

అత్త చెప్పిన మాటలన్నీ వరసగా రాసి, కింద సంతకం పెట్టి, అది ఊరంతటికీ గట్టిగా చదివాడు. చప్పట్లకి తెప్ప ఊగింది. ఎల్లాయమ్మ కొడుకు తల నిమురుతూ, ఇంక రోజూ మాత్రలు వేసుకోమని అందరి ముందే చెప్పింది.

131వ రోజు

అయిదు రోజులుగా రికార్డుల గది ముందు బారులు. మామ్మ వచ్చి "ఇది నాది కాదు" అంటుంది. పక్కనున్నవాళ్లు "నాది" అంటారు. తర్వాత ఓడ పంపిన ప్రశ్నలు, జబ్బు లేకుండా తోటలో మునిగేవాళ్లకి కూడా: ఎంత లోతు, ఎన్ని గంటలు, ఏం తింటారు, పని కాకుండా ఇంట్లో ఏం చేస్తారు. మొదటి రోజు వాళ్ల నోరు పెగల్లేదు. మూడో రోజుకి నా జబ్బు ముందు రాయమంటే నాది ముందు రాయమని తోసుకున్నారు. రత్నం కూడా బారులో నిలబడి, తన వంతు వచ్చాకే వచ్చింది. నేను పిలిచినా ముందుకి రాలేదు.

ఆఖరున కారి అప్పలకొండ వచ్చింది. డెబ్బై ఆరేళ్లు. "ఇది నాదే," అంది.

"మామ్మా, ఇంక భయం లేదు. ఎవరిదో చెప్పు."

"నాదేనంటే నమ్మవేటే?" అని చెప్పు విడిచి పాదం నా ఒళ్లో పెట్టింది. "సూదెట్టి గుచ్చు."

గుచ్చాను. రెప్ప కూడా వెయ్యలేదు. ఆమె నీళ్లలోకి దిగి పన్నెండేళ్లయింది. లోతు వల్ల వచ్చే జబ్బు ఈమెకి ఎలా వచ్చినట్టు? రోజూ ఏం చేస్తావు మామ్మా అని అడిగాను. మనవల మునక దుస్తులకి చిరుగులు పడితే జిగురు రాసి అతుకులు వేస్తానంది. ఎక్కడ వేస్తావంటే లోపలి గదిలో, తలుపులూ కిటికీలూ మూసుకుని. తుంపర పడితే జిగురు అంటుకోదట.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, ఓడకి పంపనా అని అడిగాను. "పంపవే, నాకేటి సిగ్గా," అంది.

148వ రోజు

డాక్టరమ్మ మాట ఊరంతా వినాలని సభ తెప్ప మీద రేడియోకి పెద్ద బూర తగిలించారు.

"లోతు కాదు," అంది డాక్టరమ్మ. "మీ ఊర్లో అందరికంటే లోతుకు దిగేవాళ్లు పద్నాలుగు మంది. ఒక్కరికీ రోగం లేదు. వాళ్ల దుస్తులకు అతుకులు వేరే వాళ్లు వేస్తారు. రోగం ఉండే నలభై మూడు మందిలో నలభై ఒక్కరు మూసిన గదుల్లో కూర్చుని అతుకులు వేసేవాళ్లు. ఆ జిగురు ఆవిరి నరాలను తింటాంది. నీళ్లలోకి దిగని ఆ ఒక్క అవ్వ చెప్పకపోయింటే మేం ఇంకా లోతు దగ్గరే వెతుకుతా ఉంటిమి."

ఆ అవ్వ ఎవరో డాక్టరమ్మకి తెలీదు. మా ఊరికి తెలుసు, ఎందుకంటే అప్పలకొండ కుర్చీలోంచే రెండు చేతులూ పైకెత్తింది. జనం ఆమెని కుర్చీతో సహా ఎత్తుకున్నారు. గురుమూర్తి గోడ మీది "వృద్ధాప్య సహజం" కాగితాన్ని చింపి ఉండచుట్టాడు. మొద్దు కాళ్ల రూలు అక్కడే కొట్టేశాడు. మా అత్త ఎవరినో పట్టుకుని ఎగిరింది, మోకాళ్ల నొప్పులు ఆమెవే అయినా.

మిగతా పది ఊళ్లకీ ఆ గంటలోనే కబురు వెళ్లింది. పొద్దు వాలకముందే రెండు ఊళ్ల నుంచి జవాబు: మాకూ అదే జిగురు, మాకూ అవే గదులు.

నేను మా వెనక గదికి వెళ్లి నిలబడ్డాను. రత్నం చెయ్యి పొందిక అని రెండో తెప్ప మొత్తానికి అదే అతుకులు వేస్తుంది. తుంపర పడకుండా ఆ కిటికీ మూసేది నేనే. కిటికీ ఊడబీకి పక్కన పెట్టాను. జిగురు డబ్బాలన్నీ మూతలు బిగించి బయటి తెప్ప మీదకి చేర్చాం.

163వ రోజు

జిగురు మానేసినా జబ్బు రెండు నెలలు ఇంకా పెరుగుతుందని, తర్వాత మెల్లిగా దిగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినట్టే పెరిగింది. రత్నం గోడ పట్టుకోకుండా నిలబడలేకపోతోంది. ఇవాళ గ్లాసు విసిరికొట్టింది. తోట వైపు చూడనంటుంది. కార్డు మాత్రం తలగడ కింద పెట్టుకుంది. అత్త రోజూ దాని పాదాలకి నూనె రాస్తూ, పాత తుఫాను కబుర్లు చెబుతోంది.

236వ రోజు

వంతెన మీద రత్నం పది అడుగులు, ఏమీ పట్టుకోకుండా. తొమ్మిదని అది, పదని నేను.

301వ రోజు

పొద్దున్న రేడియోలో డాక్టరమ్మకి ఈ వారం లెక్క చదువుతున్నాను. మా ఊళ్లో కొత్త కేసులు లేవు, ముప్ఫై మంది మళ్లీ తోటలో దిగుతున్నారు. ఇంతలో బయట అత్త చేపలు కోస్తున్న చోటు నుంచి కెవ్వున కేక.

పరుగెత్తాను. రత్నం ఒంటికాలి మీద గెంతుతోంది. అరికాల్లో జెల్లచేప ముల్లు దిగబడి ఉంది. "మంటే! అమ్మో, మంట! మామ్మా, ముల్లు ఇక్కడెవలు పడీసారు!"

"నానేనే! ఒలమ్మా, నానే!" అని మా అత్త చేతిలో చేప వదిలేసి దాన్ని వాటేసుకుంది. అది ఏడుస్తోంది, నవ్వుతోంది, మధ్యలో అబ్బా అంటోంది. ముల్లు తియ్యబోతే ఆగమ్మా, ఇంకాసేపుండనీ అంది. పక్క గుమ్మాల్లోంచి ఆడాళ్లు వచ్చేశారు. ఎల్లాయమ్మని ఎవరో కుర్చీలో మోసుకొచ్చారు.

రేడియో తెరిచే ఉంది. "ఏమైందక్కా? ఏమా అరుపులు?" అని డాక్టరమ్మ. చెప్పాను.

"నొప్పి ఎంతుందో అడుగు. పదికి ఎంత?"

రత్నం గెంతుకుంటూ వచ్చి మైకు నా చేతిలోంచి లాక్కుంది. "పదికి పన్నెండు డాక్టరమ్మా! పన్నెండు!"

అటువైపు ఓడలో ఒకటే ఈలలు, చప్పట్లు. అవి కాస్త సద్దుమణిగాక డాక్టరమ్మ గొంతు సవరించుకుని, కట్టుబాటు ప్రకారం గట్టిగా అడిగింది. "ఈ సంగతి, పేరు లేకుండా, పదకొండు ఊర్లకూ చెప్పొచ్చునా? చానా మంది ఇంకా మంచాల మీద ఉండారు. వాళ్లు వినాల."

రత్నం మా అందరి వైపూ చూసింది. పాదం పైకెత్తి పట్టుకునే, మైకు దగ్గరికి పెట్టుకుంది.

"ఔను. పేరెట్టే సెప్పండి. గనగళ్ల నూకరత్నం."